కొలెస్ట్రాల్ ఒంట్లో ఎట్ల తయారైతది, దేనికి పనికొస్తది: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో ఒక జూనియర్ కాలేజీలో 22 ఏండ్లు జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు పొద్దున్నే భద్రకాళి బండ్ మీద నడుస్తుంటే ఎవరో ఒకరు ఆపి, ఫోన్ తీసి రిపోర్టు చూపిస్తారు. "సార్, కొలెస్ట్రాల్ ఎక్కువుందట. ఏం బంద్ చేయాలె?" మనుషులు మారుతున్నారు గానీ ప్రశ్నలు మారడం లేదు. అందుకే రాసిపెట్టాను. నేను డాక్టర్‌ను కాదు. గోలీ వేసుకోవాలా వద్దా అన్నది మీ డాక్టరే చెప్పాలి. ఒంట్లో ఏం జరుగుతుందో అది మాత్రం నేను చెప్పగలను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా పోవచ్చు, వరుసగా చదవాలని లేదు.

## మొదట: అసలు ఏందిది?

కొలెస్ట్రాల్ అంటే కొవ్వే కదా సార్?

కాదు. కొవ్వుకు చుట్టమే గానీ కొవ్వు కాదు. పట్టి చూస్తే మైనంలా ఉంటుంది. కొవ్వునూ నూనెనూ ఒళ్ళు పొయ్యిలో కట్టెల్లా కాల్చి శక్తి తీసుకుంటుంది. కొలెస్ట్రాల్‌ను కాల్చలేదు. ఒక్కో అణువులో 27 కార్బన్లు, 46 హైడ్రోజన్లు, ఒకే ఒక్క ఆక్సిజన్. కార్బన్లు నాలుగు వలయాలుగా అతుక్కుని ఉంటాయి. ఆ వలయాలను విరగ్గొట్టే ఎంజైము మనిషి ఒంట్లో లేదు. చేయడం వచ్చు, విరగ్గొట్టడం రాదు. మిగతా అంతా మరిచిపోయినా ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి. ఇంకో మాట: రసాయనశాస్త్రం లెక్కన ఇది ఒక ఆల్కహాల్, పేరు చివర 'ఆల్' అందుకే ఉంది. మందు ముట్టనివాళ్ళు బాధపడకండి.

ఈ పేరు ఎక్కడినుంచి వచ్చింది?

పిత్తాశయంలో పుట్టే రాళ్ళ నుంచి. 1769 ప్రాంతంలో ఫ్రాన్సులో ఆ రాళ్ళలో ఈ పదార్థాన్ని మొదట గుర్తించారు. 1815లో షెవ్రెల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త గ్రీకు భాషలో పైత్యరసం, గట్టి అనే అర్థాలున్న రెండు మాటలు కలిపి 'కొలెస్ట్రీన్' అన్నాడు. గుండెజబ్బుతో దీని పేరు ముడిపడింది చాలా కాలం తర్వాత.

మా ఇంట్ల గుడ్డు గూడ ముట్టరు. మరి నాకెట్ల ఎక్కువైంది?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళ మొహంలో ఎంత అన్యాయం జరిగిందన్న బాధ ఉంటుందో! చెట్టు నుంచి వచ్చే తిండిలో కొలెస్ట్రాల్ దాదాపు ఉండదు, నిజమే. కానీ రక్తంలో కనిపించేదాంట్లో ఎక్కువ భాగం తిన్నది కాదు, ఒళ్ళు సొంతంగా చేసుకున్నది. అది పేరుకుపోవడానికి చాలా దారులున్నాయి. నెయ్యి, డాల్డా, పామాయిల్‌లలోని సంతృప్త కొవ్వు ఎక్కువైతే, రక్తంలోంచి కొలెస్ట్రాల్‌ను లోపలికి లాక్కునే పనిలో కాలేయం మందగిస్తుంది. థైరాయిడ్ తక్కువగా పనిచేసినా అదే జరుగుతుంది. అమ్మానాన్నల నుంచి వచ్చిన జన్యువుల వాటా కూడా పెద్దదే. శాకాహారం మంచిదే, కానీ అది పూచీకత్తు కాదు.

## తయారీ

ఒంట్ల ఎక్కడ తయారైతది? కాలేయంలోనేనా?

కేంద్రకం ఉన్న ప్రతి కణమూ తనకు కావలసినంత చేసుకోగలదు. కాలేయం, పేగులు పెద్ద ఎత్తున చేస్తాయి. అడ్రినల్ గ్రంథులు, అండాశయాలు, వృషణాలు తమ పనికి తాము చేసుకుంటాయి. అన్నీ కలిపి పెద్ద మనిషి ఒంట్లో రోజుకు ఇంచుమించు ఒక గ్రాము తయారవుతుంది. మామూలుగా తిండితో వచ్చేది 200 నుంచి 300 మిల్లీగ్రాములు, దాంట్లోనూ పేగు పీల్చుకునేది సగం వరకే.

కొవ్వు తినకుంటే ముడిసరుకు ఎక్కడిది?

అన్నం, జొన్న గట్క, పల్లీలు, పప్పు, ఏది తిన్నా కణంలోపలికి పోయాక చివరికి రెండు కార్బన్ల ముక్కలుగా మారుతుంది. దాని పేరు ఎసిటైల్ కో-ఏ. మామూలుగా దాన్ని కాల్చి శక్తి తీసుకుంటాం. అందులోంచి కొంత తీసి కణం కొలెస్ట్రాల్ కడుతుంది.

ఆ కట్టుబడి చూస్తే ముచ్చటేస్తుంది. అట్లాంటి 18 ముక్కలు కలిపి, మధ్యలో కొన్ని కార్బన్లు వదిలేసి, అయిదేసి కార్బన్ల ముక్కలు ఆరు చేస్తుంది. ఆరింటినీ ఒకదాని తోకకు ఒకటి తగిలిస్తే 30 కార్బన్ల పొడుగాటి గొలుసు. దాని పేరు స్క్వాలీన్. సొరచేప కాలేయం నూనెలో మొదట దొరికింది కాబట్టి ఆ చేప పేరే పెట్టారు. ఆ గొలుసు తనమీద తాను చుట్టుకుని నాలుగు వలయాలవుతుంది. తర్వాత మూడు కార్బన్లను చెక్కేస్తే 27 కార్బన్ల కొలెస్ట్రాల్. మొత్తం సుమారు 30 మెట్లు. ఈ దారిని తవ్వితీసినందుకు కోన్రాడ్ బ్లాక్, ఫియోడర్ లైనెన్‌లకు 1964లో నోబెల్ ఇచ్చారు. ఈ పాఠం చెప్పిన ప్రతి సంవత్సరం వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు "ఇది పరీక్షకు వస్తదా సార్" అనేవారు.

ఎంత చేయాల్నో ఒంటికి ఎట్ల తెలుస్తది?

ఆ 30 మెట్లలో మొదట్లోనే ఒక తూము ఉంది. హెచ్‌ఎంజీ-కోఏ రిడక్టేజ్ అనే ఎంజైము అది. చెరువు తూము ఎంత ఎత్తితే కాలువలో అంత నీళ్ళు. కణంలో కొలెస్ట్రాల్ తగ్గినప్పుడు ఎస్‌ఆర్‌ఈబీపీ అనే ప్రొటీను విడిపడి కేంద్రకంలోకి పోయి రెండు ఆర్డర్లు వేస్తుంది. ఒకటి, తూము ఎత్తి తయారీ పెంచు. రెండు, రక్తంలో తిరిగే కొలెస్ట్రాల్‌ను పట్టుకునే గ్రాహకాలను కణం పైపొర మీద ఎక్కువగా నిలబెట్టు. కొలెస్ట్రాల్ సరిపడా ఉంటే రెండు ఆర్డర్లూ ఆగిపోతాయి. ఆ గ్రాహకాల కథ తేల్చిన మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. ఇన్సులిన్ కూడా తూము ఎత్తే వైపే పనిచేస్తుంది.

రాత్రిపూటనే తయారైతదంటరు, నిజమా?

రోజంతా తయారవుతుంది, రాత్రి వేగం ఎక్కువ. కొలెస్ట్రాల్ తయారీని తగ్గించే స్టాటిన్ గోలీల్లో సిమ్వాస్టాటిన్ లాంటి త్వరగా దిగిపోయేదాన్ని రాత్రి వేసుకోమనేది అందుకే. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ ఎక్కువసేపు పనిచేస్తాయి, ఏ పూటైనా ఒకటే.

## వాడకం

ఇంత బద్నాం అయింది గదా, అసలు దీనితోటి లాభమేంది?

ఇది లేకపోతే కణానికి గోడ నిలవదు. కణం పైపొర కొవ్వు అణువులతో కట్టిన పల్చటి పొర. మన ఇళ్ళలో నెయ్యి గిన్నె గుర్తుచేసుకోండి. సంక్రాంతి చలికి రాయిలా గడ్డకడుతుంది, మే నెలలో నీళ్ళలా అయిపోతుంది. కణం పొర గడ్డకట్టినా కష్టమే, మరీ జారుగా అయినా కష్టమే. కొలెస్ట్రాల్ అణువులు ఆ కొవ్వుల మధ్య దూరి కూర్చుని, మరీ బిగుసుకోకుండా, మరీ కారిపోకుండా పట్టి ఉంచుతాయి. ఒంట్లో ఉన్న కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం ఈ పొరల్లోనే ఉంటుంది. రిపోర్టులో కనిపించేది రక్తంలో ప్రయాణంలో ఉన్న కొంచెమే. తల్లిపాలలో కూడా కొలెస్ట్రాల్ ఉంటుంది, పెరిగే పిల్లకు గోడలు కట్టుకోవాలి కదా.

హార్మోన్లకు దీనికి ఏం సంబంధం?

కార్టిసాల్, ఆల్డోస్టిరాన్, టెస్టోస్టిరాన్, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్, అన్నింటికీ మూలపదార్థం ఇదే. 27 కార్బన్లలోంచి ఆరు కార్బన్ల తోక కత్తిరిస్తే ప్రెగ్నినొలోన్ వస్తుంది. అక్కడినుంచి ఒక్కో గ్రంథి తనకు కావలసిన హార్మోను చేసుకుంటుంది. దీనికి పట్టే కొలెస్ట్రాల్ చాలా కొంచెం. "గోలీలు వేసుకుంటే మగతనం తగ్గుతదా" అని చెవిలో అడిగేవాళ్ళున్నారు. ఆ గ్రంథులు తమ సరుకు తామే చేసుకోగలవు. రక్తంలో ఎల్‌డీఎల్ (కొలెస్ట్రాల్‌ను మోసుకు తిరిగే ఒక రకం బుడగలు) తగ్గినంత మాత్రాన అవి ఆగిపోవు.

ఎండలో నిలబడితే కొలెస్ట్రాల్ విటమిన్ డి అయితదట. మరి ఎండకు తగ్గాలె గదా?

తగ్గదు. విటమిన్ డి అయ్యేది కొలెస్ట్రాల్ కాదు, దానికి ఒక్క మెట్టు ముందున్న పదార్థం. చర్మంలో ఉన్న దానిమీద ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడితే నాలుగు వలయాల్లో ఒకటి తెగి విటమిన్ డి అవుతుంది. తర్వాత కాలేయం, మూత్రపిండాలు దాన్ని పనికొచ్చే రూపానికి తెస్తాయి. ఆ మొత్తం మైక్రోగ్రాముల్లో ఉంటుంది. కొలెస్ట్రాల్ తగ్గాలని మన ఓరుగల్లు ఎండలో నిలబడితే వడదెబ్బ తగులుతుంది, అంతే.

మెదడంతా కొలెస్ట్రాలేనట. భేజా ఫ్రై తింటే తెలివి పెరుగుతదా?

మెదడు బరువు ఒంటి బరువులో రెండు శాతమే, కానీ ఒంటి కొలెస్ట్రాల్‌లో దాదాపు అయిదో వంతు అక్కడే ఉంటుంది. అందులో చాలా భాగం నరాల తీగల మీద కరెంటు వైరుకు రబ్బరులా ఉండే మైలిన్ తొడుగులోనే ఉంటుంది. అయితే రక్తంలోని కొలెస్ట్రాల్ మెదడులోకి పోలేదు, మధ్యలో అడ్డుగోడ ఉంది. తన కొలెస్ట్రాల్ మెదడే చేసుకుంటుంది. కాబట్టి మేక మెదడు మీ మెదడుకు చేరదు. వంద గ్రాముల భేజాలో కొలెస్ట్రాల్ వెయ్యి మిల్లీగ్రాములు దాటుతుంది. రుచికి తినండి, తెలివికి కాదు.

మా బిడ్డకు ఏడో నెల. కొలెస్ట్రాల్ బాగ పెరిగిందని వచ్చింది. భయమా?

కడుపుతో ఉన్నప్పుడు కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే మామూలు కొవ్వు) పెరగడం సహజం. గర్భం నిలబెట్టే ప్రొజెస్టిరాన్‌ను మాయ (ప్లాసెంటా), తల్లి రక్తంలోని కొలెస్ట్రాల్‌తోనే చేస్తుంది. కాన్పయిన కొన్ని వారాలకు మామూలు స్థితికి వస్తాయి. ట్రైగ్లిజరైడ్లు మరీ ఎక్కువుంటే మాత్రం డాక్టర్ చూడాలి. ముందునుంచీ స్టాటిన్ గోలీలు వాడుతుంటే, గర్భం అని తెలిసిన రోజే డాక్టర్‌కు చెప్పండి. మామూలుగా ఆపిస్తారు.

## తిరుగుడు, పేరుకునుడు, బయటికి పోవుడు

మంచి కొలెస్ట్రాల్, చెడ్డ కొలెస్ట్రాల్ అని రెండు రకాలు ఉంటయా?

కొలెస్ట్రాల్ ఒక్కటే రకం. రక్తం నీళ్ళలాంటిది, మైనం నీళ్ళలో కలవదు. అందుకే ప్రొటీన్లు తొడిగిన చిన్న చిన్న బుడగల్లో ఎక్కించి తిప్పుతారు. ఎనుమాముల మార్కెట్ సీజన్‌లో చూడండి: అవే మిర్చి బస్తాలు, ఒక లారీలో బయటికి పోతాయి, ఇంకో లారీలో వెనక్కి వస్తాయి. బస్తా ఒకటే, లారీ వేరు. కాలేయం నుంచి సరుకెత్తుకుని బయల్దేరేది వీఎల్‌డీఎల్. దారిలో ట్రైగ్లిజరైడ్ దించేశాక అది చిక్కిపోయి ఎల్‌డీఎల్ అవుతుంది. మిగిలిన ఆ లారీలను ఎక్కువగా వెనక్కి పిలిచి దించుకునేది మళ్ళీ కాలేయమే. దించుకోకపోతే రోడ్డు మీదే ఉండిపోతాయి. కణాల్లో ఎక్కువైనదాన్ని ఎత్తుకుని కాలేయానికి తెచ్చేది హెచ్‌డీఎల్. అందుకే దానికి మంచిపేరు. కానీ మందులతో హెచ్‌డీఎల్ అంకెను పెంచి చూసిన పెద్ద ప్రయోగాల్లో చాలావాటిలో గుండెపోట్లు తగ్గలేదు. నా లెక్కన ఎల్‌డీఎల్ అంకె మీద కన్నుంచడమే తెలివి.

రక్తనాళాల్ల పూడిక ఎట్ల పడ్తది?

పూడిక అనగానే చెరువు అడుగున మట్టి పేరుకున్నట్టు ఊహించుకుంటాం. అది సరైన బొమ్మ కాదు. గోడకు చెమ్మ ఎక్కినట్టు అనుకోండి. రక్తంలో ఎల్‌డీఎల్ ఎక్కువ కాలం ఎక్కువగా ఉంటే, రక్తనాళం గోడ లోపలికి దూరి అక్కడ చిక్కుకుంటుంది. బీపీ, షుగర్, సిగరెట్, బీడీ ఆ గోడను ఇంకా దెబ్బతీస్తాయి. చిక్కుకున్నదాన్ని శుభ్రం చేయడానికి వచ్చిన తెల్లకణాలు దాన్ని మింగుతాయి గానీ అరిగించుకోలేవు. ఆ నాలుగు వలయాలను విరగ్గొట్టడం వాటికీ రాదు. మింగి మింగి నురగలా ఉబ్బి అక్కడే చస్తాయి. ఏండ్ల తరబడి ఇట్లా పెరిగిన గడ్డ ఒకరోజు పగిలితే, దానిమీద రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. గుండెపోట్లు చాలావరకు ఇట్లాగే వస్తాయి. అందుకే నిన్నటిదాకా బాగానే నడిచిన మనిషికి ఇవాళ ఉన్నట్టుండి వస్తుంది.

రోజు బండ్ మీద నాలుగు రౌండ్లు కొడుతున్న. కొలెస్ట్రాల్ ఎందుకు కరుగుతలేదు?

నడకతో కాలేది కొవ్వు. కొలెస్ట్రాల్ కాలదు, చెమటతో చెప్పుకోదగ్గంత పోదు. నడకతో ట్రైగ్లిజరైడ్లు తగ్గుతాయి, హెచ్‌డీఎల్ కొంచెం పెరుగుతుంది, షుగర్, బీపీ అదుపులోకి వస్తాయి. ఎల్‌డీఎల్ మీద ప్రభావం తక్కువే. ఆ అంకె తగ్గలేదని అలిగి నడక మానేసినవాళ్ళను చూశాను. మానకండి.

మరి బయటికి ఎట్ల పోతది?

ముఖ్యమైన దారి ఒకటే: పైత్యరసం. కాలేయం రోజుకు సుమారు అర గ్రాము కొలెస్ట్రాల్‌ను పైత్య ఆమ్లాలుగా మారుస్తుంది. ఇంకొంత కొలెస్ట్రాల్ ఉన్నదున్నట్టే పైత్యరసంలో కలుస్తుంది. అది పేగులోకి దిగి, తిన్న కొవ్వును సబ్బులా విడగొట్టి అరిగేలా చేస్తుంది. తమాషా ఏమిటంటే, పని అయిపోయాక చిన్నపేగు చివరి భాగం ఆ ఆమ్లాల్లో 95 శాతాన్ని మళ్ళీ పీల్చుకుని కాలేయానికి పంపేస్తుంది. ఒళ్ళు అంత పిసినారి. మిగిలిన కొంచెమే మలంతో పోతుంది.

ఆ పిసినారితనాన్ని దెబ్బకొట్టేది నీళ్ళలో జిగురయ్యే పీచు. గోకరకాయ (గోరుచిక్కుడు), మెంతులు, బెండకాయ, బొబ్బర్లు, ఓట్స్‌లో అది ఉంటుంది. గోకరకాయ విత్తనాల నుంచే గ్వార్ గమ్ అనే జిగురు తీసి ఐస్‌క్రీమ్‌లో, మందుల్లో కలుపుతారు. ఆ జిగురు పైత్య ఆమ్లాలను పట్టుకుని బయటికి లాక్కుపోతుంది. కాలేయం కొత్తవి చేసుకోవాలి, దానికి రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను లాక్కుంటుంది. మా ఇంట్లో గోకరకాయ కూర అంటే పిల్లలు మూతి తిప్పేవారు. ఇప్పుడు వాళ్ళే ఓట్స్ డబ్బాలు కొనుక్కుంటున్నారు.

## తిండి

గుడ్లు తినొచ్చా? పచ్చసొన తీసి పడేస్తున్నం.

ఒక గుడ్డులో 180 నుంచి 200 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్, అంతా పచ్చసొనలోనే ఉంటుంది. అయితే తిండితో కొంచెం ఎక్కువ వచ్చినప్పుడు ఎక్కువమంది ఒంట్లో కాలేయం తన తయారీ తగ్గించుకుంటుంది. కొందరిలో అంతగా తగ్గదు. రోజుకు 300 మిల్లీగ్రాములు మించొద్దన్న పాత హద్దును అమెరికా ఆహార మార్గదర్శకాలు 2015 నాటి కూర్పులో తీసేశాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు రోజుకొక గుడ్డుతో ఇబ్బంది లేదు. షుగర్, గుండెజబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్‌ను అడిగి లెక్క పెట్టుకోండి.

డబ్బా మీద 'కొలెస్ట్రాల్ లేదు' అని ఉన్న నూనే తెచ్చుకుంటున్నం. మంచిదే గదా?

పల్లి నూనెలో, నువ్వుల నూనెలో, పామాయిల్‌లో, ఏ గింజ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఏనాడూ లేదు. అబద్ధం కాదు గానీ, నీళ్ళ సీసా మీద 'కొవ్వు లేదు' అని రాసినట్టుంటుంది. చూడాల్సింది సంతృప్త కొవ్వు. పామాయిల్‌లో అది సగం దాకా, కొబ్బరి నూనెలో 90 శాతం దాకా. పల్లి, తవుడు నూనెల్లో అయిదో వంతు అటూఇటూ, నువ్వుల నూనెలో ఇంకొంచెం తక్కువ. మన దగ్గర రైస్ మిల్లుల తవుడు నుంచి తీసే నూనెలో ఒరైజనాల్ అనే పదార్థం, కొలెస్ట్రాల్‌ను పోలిన మొక్కల స్టిరాల్స్ ఉంటాయి. ఆ స్టిరాల్స్ పేగులో కొలెస్ట్రాల్‌కు పోటీగా నిలబడి దాన్ని కొంత అడ్డుకుంటాయి. ట్రాన్స్ కొవ్వు అన్నింటికంటే చెడ్డది. 2022 జనవరి నుంచి నూనెల్లో, వనస్పతిలో అది 2 శాతం మించకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ నియమం పెట్టింది. ఇక సకినాలు కాల్చిన నూనెనే కనుమ దాకా మళ్ళీ మళ్ళీ కాచడం మానుకుంటే మేలు. మంచి నూనె అయినా పదిసార్లు కాగితే మంచిగా ఉండదు.

మేడారం పోయొచ్చినంక వారానికి టెస్టు చేయిస్తే ఎక్కువ వచ్చింది. యాట కూర వల్లనేనా?

నాలుగు రోజుల దావత్‌కు ముందుగా పెరిగేది ట్రైగ్లిజరైడ్లు. కల్లు, మందు తోడైతే ఇంకా ఎక్కువ. ఎల్‌డీఎల్ వారాల తరబడి తినే తీరును బట్టి ఉంటుంది, ఒక్క జాతరను బట్టి కాదు. మామూలు తిండికి వచ్చాక నెల దాటనిచ్చి మళ్ళీ చేయించండి.

పరగడుపున ఎల్లిగడ్డ, వేడినీళ్ళు తాగితే కరుగుతదట?

వేడినీళ్ళకు కరగదు. కడుపులో పోసిన నీళ్ళు రక్తనాళం గోడ దాకా వేడిగా పోవు కూడా. ఎల్లిగడ్డ ప్రభావం ఉంటే చాలా కొంచెం. చట్నీలో వేసుకోండి, గోలీకి బదులుగా కాదు.

## రిపోర్టు, గోలీలు

పరగడుపునే రక్తం ఇయ్యాల్నా?

మొత్తం కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్ తిన్నాక పెద్దగా మారవు. ట్రైగ్లిజరైడ్లు మారతాయి. చిక్కు ఏమిటంటే చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను కొలవరు, లెక్కగడతారు: మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేసి, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతు కూడా తీసేస్తారు. మొత్తం 210, హెచ్‌డీఎల్ 40, ట్రైగ్లిజరైడ్లు 200 అయితే ఎల్‌డీఎల్ 130. బిర్యానీ తిని పోయి ట్రైగ్లిజరైడ్లు 300 అయితే అదే ఎల్‌డీఎల్ 110గా కనిపిస్తుంది. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క పనికిరాదు. మొదటిసారి ఊరికే చూసుకోవడానికి ఎప్పుడిచ్చినా సరే. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువని తెలిసినవాళ్ళు మాత్రం పరగడుపునే ఇవ్వండి.

బక్కగ ఉన్న, 30 ఏండ్లే. ఎల్‌డీఎల్ 200 దాటింది. తప్పు రిపోర్టా?

ఇంకోసారి చేయించండి, థైరాయిడ్ పరీక్ష కూడా చేయించండి. అది బాగుండి, ఎల్‌డీఎల్ అట్లాగే ఉంటే వంశపారంపర్యం కావచ్చు. ఎల్‌డీఎల్ గ్రాహకాల జన్యువులో లోపం సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుంది. కాలేయం లారీలను దించుకోలేదు, ఒళ్ళు బక్కగా ఉన్నా లావుగా ఉన్నా ఒకటే. మడమ వెనక స్నాయువు (పిక్క కండరాన్ని మడమకు కట్టే తాడు) లావెక్కడం, చిన్న వయసులోనే కనురెప్పల మీద పసుపు మచ్చలు, ఇంట్లో ఎవరికైనా యాభై లోపే గుండెపోటు రావడం గుర్తులు.

మన దగ్గర దీనిమీద ఇంకో మాట చెప్పాలి. మేనరికాల్లో ఈ లోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం పెరుగుతుంది. ఇద్దరికీ ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ రెండు వైపులనుంచీ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. అట్లాంటి పిల్లలకు బడి వయసులోనే గుండెజబ్బు రావచ్చు. ఒకరికి తేలితే అన్నదమ్ములు, అక్కాచెల్లెళ్ళు, పిల్లలు అందరూ పరీక్ష చేయించుకోవాలి.

గోలీ ఒంట్ల ఏం చేస్తది? ఉన్నదాన్ని కరిగిస్తదా?

కరిగించదు. స్టాటిన్ గోలీ కాలేయంలో తయారీ తూమును, అంటే హెచ్‌ఎంజీ-కోఏ రిడక్టేజ్‌ను, దించుతుంది. కాలేయానికి సరుకు తక్కువై, పైపొర మీద గ్రాహకాలు పెంచి రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను లాక్కుంటుంది. అసలు పని చేసేది ఆ లాక్కోవడమే. మోతాదును బట్టి ఎల్‌డీఎల్ 30 నుంచి 50 శాతం, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ తగ్గుతుంది. జపాన్‌కు చెందిన అకిరా ఎండో వేల బూజులను వెతికి 1973లో ఒక పెనిసిలియం బూజులో ఈ జాతి మందు మొదటిది కనిపెట్టాడు. 1987లో అమెరికాలో లోవాస్టాటిన్ అమ్మకానికి వచ్చింది. కండరాల నొప్పులు విపరీతంగా వస్తే, మూత్రం ముదురు రంగులోకి మారితే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి పోండి.

ఆరు నెలలు వేసుకున్న, నార్మల్ వచ్చింది. ఇగ బంద్ చేయొచ్చా?

నార్మల్ వచ్చింది గోలీ ఉన్నందుకు. ఆపేస్తే తూము మళ్ళీ లేస్తుంది, గ్రాహకాలు తగ్గుతాయి, కొన్ని వారాల్లో అంకె పాత చోటికే వస్తుంది. తిండి మార్చుకుని, బరువు తగ్గి, థైరాయిడ్ సరిచేసుకున్నవాళ్ళకు డాక్టర్ మోతాదు తగ్గించవచ్చు, కొందరికి ఆపవచ్చు. ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్ళు, స్టెంట్ వేయించుకున్నవాళ్ళు మాత్రం రిపోర్టు ఎంత బాగున్నా సొంతంగా ఆపకండి. మందుల షాపులో అడిగి కూడా ఆపకండి.